ఇద్దరికీ ఒకే గ్లాసు

పోయిన వారం సంఘ పెద్ద శ్రీరంగప్పను గడప బయటే నిలబెట్టి నేనొక షరతు పెట్టాను. నా భార్య జ్యోతి చావుకు కారణమైన మాట అన్నది తానేనని పాస్టరు భార్య పద్మప్రియ సంఘం ముందు నిలబడి ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే ఆమెతో నీళ్లు తాగుతాను. లేదంటే లేదు. ఆ మాట అన్న మనిషి ఎవరైనా సరే, నేను బతికుండగా నా గడప తొక్కకూడదని కూడా అన్నాను. లోపల పొయ్యి దగ్గర కూర్చుని నా కూతురు ఆశ్రిత అంతా వింది.

నీళ్లు తాగడమంటే ఏమిటో మా సంఘం బయటివాళ్లకు తెలియదు. కళ్యాణదుర్గం చుట్టుపక్కల చర్చిలు చాలా ఉన్నాయి, ఈ పద్ధతి మా ఊళ్లోనే ఉంది. రొట్టె విరిచే ఆదివారానికి ముందు, శనివారం పూట, పగ ఉన్న ఇద్దరూ చర్చిలో రొట్టె పెట్టే బల్ల ముందు ఎదురెదురుగా నిలబడి ఒకే గ్లాసులో నీళ్లు తాగాలి. నొచ్చుకున్నవాడు ముందు, నొప్పించినవాడు తర్వాత. ఊళ్లో తాగడానికి నీళ్లు లేని కాలంలో మా తాతలు పెట్టుకున్న పద్ధతి. నీళ్లను మించి విలువైనది వాళ్ల దగ్గర ఏదీ లేదు మరి. పగ తీరని ఇంట్లో పిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు.

ఆశ్రిత బాప్తిస్మం రేపు. అందుకే సంఘం మొత్తం నా మీద పడింది.

జ్యోతికి షుగరు. రోజూ పొద్దున పొట్టకు సూది వేసుకునేది. రెండేళ్ల కిందట, మా చేలో కొత్తగా వేసిన బోరులో నీళ్లు పడాలని ఆడవాళ్లంతా చర్చిలో ఉపవాస ప్రార్థన పెట్టుకున్నారు. సూది మానొద్దని డాక్టరు చెప్పాడు. కూడు మానాలని దీక్ష. జ్యోతి రెండూ పాటించింది. మధ్యాహ్నానికి షుగరు పడిపోయి చెమటలు పట్టాయి, ఒళ్లు వణికింది, మాట ముద్దయింది. అక్కడున్నవాళ్ల కళ్లకు అది జబ్బుగా కాదు, దేవుని ఆత్మ దిగినట్టు కనపడింది. ముట్టుకోవద్దు, ఆత్మలో ఉంది అని ఎవరో అన్నారు. అంతే, చుట్టూ చేరి పాటలు పాడారు. పాటలు ఆగేసరికి మనిషికి తెలివి లేదు. ఆటో కళ్యాణదుర్గం చేరకముందే ప్రాణం పోయింది. నేను ఆ రోజు కాలిపోయిన పాత బోరు మోటారు పట్టుకుని అనంతపురంలో ఉన్నాను.

ఎవరు అన్నారని ఆ రాత్రే అడిగాను. ఒక్కరూ నోరు విప్పలేదు. ప్రార్థన పెట్టింది పద్మప్రియ. పెట్టినవాళ్లే అని ఉంటారు. శవం లేవకముందే ఆమె మొహం మీద ఆ మాట అన్నాను. ఆమె కాదనలేదు. అంతకంటే సాక్ష్యం నాకేం కావాలి?

శ్రీరంగప్ప శుక్రవారం మళ్లీ వచ్చాడు. ఈసారి నేను చెప్పకుండానే గడప బయట ఆగాడు.

"ఒప్పుకుంటాదంట ఓబులేసూ," అన్నాడు. "రేపు అందరి ముందరా చెప్తాదంట. ఇంగ నీ మాట మీద నువ్వు నిలబడల్ల."

"నేనెప్పుడు నిలబడలేదు?"

"అదే మాకు భయం," అని తుండుగుడ్డ దులుపుకుని వెళ్లిపోయాడు.

గెలిచినవాడికి ఎలా ఉండాలో నాకు అలా లేదు. రెండేళ్లు ఆ ఒప్పుకోలు కోసమే బతికాను. వచ్చాక చేతిలో ఏం పట్టుకోవాలో తెలియలేదు.

శనివారం పొద్దున ఆశ్రిత సంగటి కలిపి నాకు పెట్టింది. తను తినలేదు.

"నాయనా," అంది. "నాకు బాప్తిస్మం వద్దులే."

"ఏం?"

"ఊరికే. ఇంకో సంవత్సరం పోనీ."

"మీ అమ్మ కోరిక అది. ఆ పాస్టరమ్మ తల వంచినాక నీకు అడ్డం ఎవరూ లేరు."

"అక్కను తల వంచమని నేను అడిగిన్నా?"

"ఆమెను అక్కా గిక్కా అనొద్దని ఎన్ని తూర్లు చెప్పల్ల నీకు?"

ఆ పిల్ల లేచింది. నా కంచం తీసి కడిగింది. కడిగిన కంచాన్నే మళ్లీ కడిగింది. దాన్ని నేను చూశాను. భయపడుతోందనుకున్నాను. అందరి ముందు నిలబడాలంటే ఆడపిల్లకు భయం ఉంటుందిలే అనుకున్నాను.

ఎండ కాస్త తగ్గాక నా బండి మీద ఇద్దరం చర్చికి పోయాం. గాలి లేచింది. మా మెట్టలో గాలి లేచిందంటే చేలల్లో ఉన్న ఎర్రమట్టంతా ఊళ్లోకి వస్తుంది. కిటికీలు మూశారు, ముందు తలుపు మూసి గడియ పెట్టారు. పైన రేకులు. కరెంటు లేదు. మా ఇరవై ఇళ్లవాళ్లూ చాపల మీద మోకాళ్లకు మోకాళ్లు తగిలేలా కూర్చున్నారు. నన్ను ముందుకు పిలిచారు. బల్ల దగ్గరికి చేరి వెనక్కి చూస్తే నేను నడిచి వచ్చిన దారి లేదు. అక్కడ కూడా మనుషులు కూర్చున్నారు.

జ్యోతి తల్లి బయమ్మ గోడకానుకుని ముందు వరసలో ఉంది. ఆమెకు కాళ్లు పోయాయి కానీ నోరు పోలేదు.

"ఏమప్పా అల్లుడా," అంది. "తెల్లచొక్కా ఏసుకొచ్చినావే! జడ్జీగారు అనుకుంటి."

ఎవరో నవ్వు ఆపుకున్నారు.

పాస్టరు జయచంద్ర ప్రార్థన చేశాడు. ప్రభువు నేర్పిన ప్రార్థన అందరూ కలిసి చెప్పారు. అందులో క్షమించే వాక్యం దగ్గర నేను నోరు మూసుకుంటాను. రెండేళ్లుగా అంతే. చెప్పి చేయకపోవడం కంటే చెప్పకపోవడం నయం.

శ్రీరంగప్ప బల్ల మీద స్టీలు చెంబు, దాని పక్కన గ్లాసు పెట్టాడు. పద్మప్రియ లేచింది. సన్నటి మనిషి. కొంగు భుజం చుట్టూ కప్పుకుని నాకెదురుగా వచ్చి నిలబడింది. ఆమె మొహాన్ని అంత దగ్గరగా చూసి చాలా కాలమైంది. చెంపల కింద ఎముకలు తేలాయి.

"ఓబులేసన్నా," అంది. "ఆ మాట నేనే అన్న. నా వల్ల తప్పు జరిగింది. నన్ను క్షమించు."

గుక్క తిప్పుకోకుండా చెప్పింది. చెప్పి గ్లాసు వైపు చూసింది. శ్రీరంగప్ప చెంబు ఎత్తాడు.

"ఆగన్నా," అన్నాను. "అంత సులువుగానా?"

"ఇంకేం కావల్లప్పా నీకు?" అన్నాడు శ్రీరంగప్ప.

"ఎట్ల అన్నిందో చెప్పమను. యాడ నిలబడి అన్నింది? జ్యోతి యాడ కూర్చోనుండె?"

పద్మప్రియ పెదవులు తడుపుకుంది. "ఈడే. కిటికీ పక్కన."

"నువ్వు?"

"నేనూ... ఆ పక్కనే."

"చేయి పట్టుకున్నావా? చెమట తగల్లేదా నీకు? చదువుకున్నదానివి గదా. షుగరని నీకు తెల్సు గదా."

"తెల్సు."

"తెల్సీ పాటలు పాడినావు."

"పాడినా."

"అప్పుడు జ్యోతి ఏమంటాండె?"

ఆమె ఆగింది. గాలికి రేకులు కొట్టుకుంటున్నాయి. జనం ఒక్కరూ కదలడం లేదు. నాకు ఆమె ఆగడం నచ్చింది. ఆ నిమిషం కోసం రెండేళ్లు తిండి సహించకుండా కాచుకున్నాను. ఇంకా లాగాలనిపించింది.

"చెప్పు. నా పెండ్లాం చివరాకరి మాట ఏంది? నువ్వు దగ్గరుండి విన్నావు గదా. నాకు విననీకుండా చేసినావు. ఇప్పుడు చెప్పు."

"స్తోత్రం... స్తోత్రం అంటాండె," అంది పద్మప్రియ.

"కాదు."

వెనక నుంచి వచ్చింది ఆ మాట. చిన్న గొంతు. ఆశ్రిత లేచి నిలబడి ఉంది.

"కూర్చో పాపా," అంది పద్మప్రియ వెంటనే. గొంతు మారిపోయింది. "ఆశ్రితా, కూర్చో చెప్తాండా."

"కాదు నాయనా. అమ్మ స్తోత్రం అనలే. బెల్లం అడిగింది."

బయమ్మ కళ్లు మూసుకుంది.

ఆశ్రిత మనుషుల మధ్య నుంచి ముందుకొచ్చింది. ఆమెకు మాత్రం అందరూ జరిగి దారిచ్చారు. చెంబు ఉన్న బల్ల అంచు పట్టుకుని, నన్ను చూడకుండా చెప్పింది.

"పొద్దున్నే నాకు చెప్పింది. నేను అడిగినా ఏమీ ఇయ్యద్దు పాపా, సాయంత్రం దాకా నన్ను కాపాడల్ల నువ్వు అని. అందుకే పక్కన కూర్చోబెట్టుకునింది. బెల్లం అడిగింది. నేను ఇయ్యలే. మళ్లా అడిగింది. అమ్మా, దీక్ష చెడిపోతాది అంటి. ఇంగ మాట ముద్దముద్దగా వచ్చె. అది నాకు ప్రార్థనలో ఆత్మ పలికించే అన్యభాషల మాదిరి వినపడె. అమ్మకు వరం దొరికిందనుకుంటి. అవ్వ లేపబోయింది. నేనే అన్న నాయనా. ముట్టుకోవద్దండి, ఆత్మలో ఉండాది అని నేనే అన్న. పాట ఎత్తిందీ నేనే."

"మరి ఈమె?"

"అక్క లోపలే లేదు. వెనక షెడ్డులో సాయంత్రానికి జావ కాస్తాండె. పాట ఆగినాక వచ్చి అమ్మను చూసి కేక పెట్టిందే అక్క."

నేను ఆడవాళ్ల వైపు చూశాను. ఒక్కొక్కరినీ చూశాను. కొంగులు సర్దుకున్నారు. చాపల మీద పుల్లలు ఏరారు. మగవాళ్లు నేల చూశారు. ఒక్క మొహంలోనూ ఆశ్చర్యం లేదు.

అందరికీ తెలుసు. రెండేళ్లుగా నా చేను పక్కన కలుపు తీసినవాళ్లకు, నాకు బీడీ నిప్పు ఇచ్చినవాళ్లకు, చావు రోజు నా ఇంట్లో కూడు వండినవాళ్లకు, అందరికీ తెలుసు.

"అత్తా," అన్నాను. "నీకు తెల్సా?"

"తెల్సు."

"సచ్చింది నీ కూతురు."

"అవునప్పా. నా కడుపున పుట్టినేదే. బతికుండే పిల్లా దాని కడుపున పుట్టినేదే గదా."

"నాకెందుకు చెప్పలే?"

"నీకా?" ముసలిది కళ్లు తెరిచింది. "నీకు చెప్పేదా? నీ గొర్రె చేన్లో పడితే నవ్వినాడని మీ అన్నతోనే మాటలు మానుకుంటివి. వాడు సచ్చిపోయె. వాని మట్టికి కూడా పోకపోతివి. అట్లాంటోనికి చెప్పి ఈ పిల్లను యాడ పెట్టల్ల మేము? నా కాళ్లు బాగుంటే నేనే తీసుకుపోయుందును."

నేను పద్మప్రియ వైపు తిరిగాను. ఆమె ఆశ్రిత భుజం మీద చేయి వేసి నిలబడి ఉంది. ఆ చేయి కొత్తగా పడిన చేయి కాదు. ఎన్నోసార్లు అక్కడ పడి అలవాటైన చేయి.

"నువ్వెందుకు మోసినావు?"

"నేనేం మోసినా అన్నా," అంది. "నువ్వు నన్నంటివి. నేను కాదంటే నువ్వు ఇంకొకరిని అడుగుతావు. అడుగుతా అడుగుతా పాప కాడికొస్తావు. నేను ఊరకుంటే నాతోనే ఆగిపోతాది గదా. నువ్వు తిడితే నాకు మొగుడుండాడు, సంఘముండాది. పాపకు నువ్వొక్కనివే."

ఏమీ తోచక పాస్టరు మీద పడ్డాను. "అబద్ధసాక్ష్యం! బల్ల ముందర నీ పెండ్లాంతో అబద్ధం చెప్పిస్తివి కదప్పా పాస్టరూ. ఇదేనా మీరు చెప్పే వాక్యం?"

జయచంద్ర మెత్తటి మనిషి. ఆ రోజు కూడా గొంతు పెంచలేదు. "అవునన్నా. ఈ పొద్దు చెప్పింది అబద్ధమే. వద్దని నేను చెప్పినా. వినలే. దానికి ఇద్దరం దేవుని ముందర నిలబడతాం. ఆ పని నీకెందుకు?"

అప్పుడు నాకు అర్థమైంది. వాళ్లు నా బిడ్డ తప్పును మూసిపెట్టారు, నిజమే. కానీ మూసింది లోకం కళ్ల నుంచి కాదు. పోలీసుల నుంచి కాదు. ఇరవై ఇళ్లు ఒక్కటై మూసింది ఒక్క మనిషి నుంచి. తల్లిని పోగొట్టుకున్న పిల్లకు ఈ భూమ్మీద భయపడాల్సిన మనిషి ఒక్కడే అని అందరూ మాట్లాడుకోకుండానే తేల్చుకున్నారు. ఆ ఒక్కడికే రోజూ పొద్దున సంగటి పెట్టి, కంచం కడిగి, పక్క వేసి, నోరు మూసుకుని బతికింది ఆశ్రిత. పద్మప్రియను నేను తిట్టిన ప్రతి తిట్టూ దానికే తగిలింది. నేను తిట్టని రోజు లేదు.

వాళ్ల మీద నాకు కృతజ్ఞత పుట్టలేదు. ఒంటి నిండా మంట పుట్టింది. నన్ను ఎంత బాగా ఎరుగుదురో అనిపించింది.

శ్రీరంగప్ప చెంబు వంచాడు. గ్లాసులో నీళ్లు పడిన చప్పుడు చర్చి అంతా వినపడింది. గ్లాసు నా ముందు పట్టుకున్నాడు.

"ఆ మాట ఎవరన్నారో తెలిసింది. షరతు తీరింది," అన్నాడు. "నొచ్చుకునినోడు ముందు తాగల్ల. తాగి నీ బిడ్డకియ్యి. రేపు సంతోషంగా బాప్తిస్మం చేసుకుందాం."

"అన్నా, ఈడ ఇంతమందిలో వద్దు," అంది పద్మప్రియ. "ఇంటికాడ..."

"ఇంటికాడ కాదు," అంది ఆశ్రిత. మొదటిసారి తలెత్తి నా మొహంలోకి చూసింది. "ఇంటి సంగతి నాయన చెప్పేసినాడు. నేను విన్నా. గడప తొక్కద్దన్నాడు. ఇప్పుడు నేను యాడికి పోవల్ల నాయనా?"

అడిగింది దెప్పడానికి కాదు. నిజంగానే అడిగింది, బస్సు ఏ వైపు పోతుందని అడిగినట్టు.

ఒక్క మాట చాలు. ఇంటికి పోదాం పా అంటే చాలు. గ్లాసు అందుకోకపోయినా ఫరవాలేదు, ఆ మాట చాలు. అది నాకు తెలుసు. కానీ ఆ పిల్లను చూస్తే బెల్లం అడుగుతున్న జ్యోతి కనపడింది. రెండుసార్లు అడిగిందట. ఇవ్వలేదట. తప్పు పిల్లది కాదని నా తలకు తెలుసు. తల చెప్పిన మాట నా నోరు ఎన్నడూ వినలేదు. ఇప్పుడెందుకు వింటుంది? రెండేళ్లు ఒకరి మీద పెంచిన కోపాన్ని ఒక్క నిమిషంలో ఎక్కడ పారబోయాలి? పారబోయడానికి చోటు లేకపోతే అది ఉన్న చోటే ఉంటుంది.

"తీసుకో అప్పా," అన్నాడు శ్రీరంగప్ప. గ్లాసు ఇంకా ముందుకు చాపాడు.

నాకు ఊపిరి ఆడలేదు. మనుషుల మీదుగా నడిచాను. ఎవరి కాలో తొక్కాను, ఎవరో అబ్బా అన్నారు. గడియ లాగి బయట పడ్డాను.

బయట కూడా గాలి లేదు. మట్టి మాత్రమే ఉంది. ఎదురుగా పది అడుగుల దూరంలో ఏముందో కనపడటం లేదు. వేపచెట్టు కింద పెట్టిన బండిని చేత్తో తడుముకుని పట్టుకున్నాను. ఎక్కి స్టార్ట్ చేశాను. పోవడానికి కాదు. ఆ పిల్ల బయటికొస్తుంది, వెనక ఎక్కుతుంది, ఇంటికి పోతాం. నేను ఏమీ అననక్కరలేదు. ఎక్కించుకుంటే చాలదా? అంతకంటే నా దగ్గర లేదు. ఉన్నదేదో అది ఇస్తున్నాను. తల తిప్పకుండా, ఇంజను ఆపకుండా కాచుకున్నాను.

చాలాసేపటికి వెనక సీటు మీద బరువు పడింది. నా గుండెలో ఏదో వదులైంది. గేరు వేయబోయాను.

"బస్సు రోడ్డుకు పోనీ అన్నా," అంది వెనక గొంతు. "బిరీన."

ఎక్కింది నా బిడ్డ కాదు. పద్మప్రియ.

"దిగు," అన్నాను.

"పాప వెనక తలుపులో పోయింది. షెడ్డులో చూసినా, లేదు. కళ్యాణదుర్గం బస్సుకు టైమైంది. చేతిలో సంచి కూడా లేదు అన్నా, చెప్పులు ఈడే ఇడిచిపెట్టింది. పోనీ!"

రెండేళ్లుగా ఆమె నీడ నా గడప మీద పడనివ్వలేదు. చర్చి తలుపు దగ్గర సంఘమంతా నిలబడి చూస్తుండగా ఆమెను వెనక కూర్చోబెట్టుకుని బండి ఉరికించాను. మట్టి కళ్లలో పడుతోంది. దారి తెలియడం లేదు. "ఎడమకు," అని ఆమె చెబితే ఎడమకు తిప్పాను. "గుంత," అంటే ఆగాను. ఆమె కళ్లు ఎలా తెరుచుకుని ఉన్నాయో నాకు తెలియదు.

రోడ్డు దగ్గరపడ్డాక బస్సు లైట్లు కనపడ్డాయి. ఎర్రటి దుమ్ములో రెండు పసుపు మచ్చలు. బస్సు ఆగి ఉంది. మెట్టు మీద చెప్పులేని ఒక కాలు పెట్టి, కమ్మీ పట్టుకుని ఎవరో ఎక్కుతున్నారు. లంగావోణీ ఎగురుతోంది. కండక్టరు విజిల్ నోట్లో పెట్టుకున్నాడు.

"పిలువన్నా," అంది పద్మప్రియ నా భుజం కుదుపుతూ. "నేను పిలిస్తే నిలబడదు. నన్ను తిట్టించినాననే బాధ దానికి. నువ్వు పిలిస్తేనే నిలబడతాది. ఒక్కతూరి పిలువు!"

విజిల్ పడింది. బస్సు కదిలింది.

నేను నోరు తెరిచాను. నోటి నిండా మట్టి పడింది.